మోదుగ పూల మార్నింగ్ షో

వసంతం అనగానే మీ కళ్ళ ముందు ఏం కనబడుతుంది? నిజం చెప్పండి! తెల్ల ప్యాంటు హీరో, పల్చటి చీరలో హీరోయిన్, వెనకాల వరసలు వరసలుగా పూలు, దూరాన కొంచెం మంచు. అంతేగా? 1981లో వచ్చిన హిందీ చిత్రం 'సిల్‌సిలా'లో అమితాబ్, రేఖ హాలెండు దేశపు క్యూకెన్‌హాఫ్ తోటలో టులిప్ పూల మధ్య పాట పాడుకున్నారు. అప్పటినుంచీ వసంతమంటే విమానమెక్కి వెళ్ళి చూసి రావలసిన వస్తువని మన కుర్రకారుకి ఓ నమ్మకం కుదిరిపోయింది. అంత డబ్బు లేనివాళ్ళకి ఊటీ వుంది. అదీ కుదరనివాళ్ళకి వెండితెర వుండనే వుంది.

'దాచేపల్లిలో వసంతం చూద్దాం పదండి' అంటే మాత్రం ఫక్కున నవ్వుతారు.

"దాచేపల్లా? అక్కడేముందండీ బాబూ! సున్నపురాయి, సిమెంటు, మిరపకాయలు, పత్తి, ఆపైన ఎండ!"

ఈ వెక్కిరింత ఇవాళ్టిది కాదు. కవిసార్వభౌముడు శ్రీనాథుడి పేరు మీద పల్నాటి గురించి ఓ చాటుపద్యం ప్రచారంలో వుంది. మీలో చాలామందికి నోటికి వచ్చే వుంటుంది. అందులో రాళ్ళున్నాయి, నాగులేరు వుంది, తినే తిండి వుంది, కుట్టే తేలు కూడా వుంది. పద్యమంతా గాలించినా ఒక్క పువ్వు లేదు! పల్నాటి వీరుల కథని కావ్యంగా రాసిందీ ఆ శ్రీనాథుడే అంటారు. అంతటి మహాకవితో తగువు మనకెందుకుగానీ, ఆయన ఏ నెలలో వచ్చారా అని నాకో చిన్న అనుమానం. మాఘమాసం చివర్లోనో, ఫాల్గుణం మొదట్లోనో వచ్చి వుంటే ఆ పద్యంలోకి ఎరుపురంగు ఎలాగో ఒకలాగ దూరి వుండేది.

సినిమావాళ్ళు మాత్రం ఏం తీరిక చేసుకున్నారు? 'పల్నాటి యుద్ధం' రెండుసార్లు తీశారు. 1947లో కన్నాంబ నాగమ్మగా, అక్కినేని బాలచంద్రుడిగా ఒకటి. 1966లో రామారావు బ్రహ్మనాయుడుగా, భానుమతి నాగమ్మగా ఇంకొకటి. రెండూ నలుపు తెలుపులే. 1963లో 'లవకుశ' రంగుల్లో వచ్చి జనాన్ని మురిపించినా, మూడేళ్ళ తర్వాత కూడా పల్నాడుకి రంగు అందలేదు. అందుచేత ఆ రంగేదో మనమే వెళ్ళి చూసుకోవాలి.

ముందు ఓ సంగతి. పల్నాటి వసంతం పచ్చగా రాదు. పచ్చిక, చిగుళ్ళు, సెలయేళ్ళు అని వెతికితే నిరాశే. ఇక్కడ చెట్టు ముందు ఆకంతా రాల్చేస్తుంది. వర్షాలు పోయి నెలలవుతుంది, భూమిలో తడి తగ్గుతుంది, ఆకులుంటే వున్న నీరు కూడా ఆవిరైపోతుంది. అందుకని దులిపేసుకుని మోడులా నిలబడుతుంది. దారిన పోయేవాడు 'చచ్చింది పాపం' అనుకునే సమయానికి ఆ మోడు నిండా పూలు! ఆకు అడ్డం లేదు కనక పిట్టకి అరమైలు దూరంనుంచే పిలుపు అందుతుంది. ఇది మన మెట్టసీమ వసంతం. పోస్టరు లేకుండా విడుదలయ్యే సినిమా లాంటిది.

ఇక తారాగణం.

హీరో మోదుగ. శివరాత్రికి కాస్త అటూ ఇటూగా పూత మీదికి వస్తుంది. ఓ చెట్టు మీద పూత బాగా వుండేది రెండు మూడు వారాలు. నిప్పులు అంటించినట్టు ఎర్రటి నారింజ రంగు. దగ్గరికి వెళ్ళి ఒక్క పువ్వు చేతిలోకి తీసుకు చూడండి. చిలకముక్కులా వంపు తిరిగి వుంటుంది. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నది అందుకే. 'ఇది చిలకా ఏమిటి?' అని అర్థం. వాసన మాత్రం వెతక్కండి, లేదు. పూర్వపు పండితులు దాన్నే ఎత్తిపొడిచారు, రూపమే గాని గుణం లేదని. పాపం, మోదుగకి మన ముక్కుతో పనేమిటి? దాని ప్రేక్షకులు పిట్టలు. గోరింకలు, తేనెపిట్టలు, ఏట్రింతలు తెల్లారేసరికే హాలు నింపేస్తాయి. వాటికి కావలసింది రంగూ తేనే. రెండూ దండిగా వున్నాయి.

ఈ హీరో తెర వెనక కూడా పనిమంతుడే. మూడేసి ఆకులుగా వచ్చే ఆ గుండ్రటి ఆకులే మన పెళ్ళిభోజనాల విస్తళ్ళు అయ్యాయి. కృష్ణ దాటి తెలంగాణ పల్లెలకి వెళితే, హోలీకి ఈ పూలు నీళ్ళలో మరిగించి రంగు తీయడం పాత అలవాటు. 1757లో ప్లాసీ యుద్ధం జరిగిందని చదువుకున్నాం గదా! ఆ వూరు పలాశి. పలాశమంటే మోదుగే. ఆ చెట్ల వల్లనే వూరికి ఆ పేరు వచ్చిందంటారు. జార్ఖండ్ రాష్ట్రం దీన్ని తన రాష్ట్ర పుష్పం చేసుకుంది. మన దగ్గర మాత్రం వంటచెరుకు!

రెండో హీరో బూరుగ. ఎత్తరి. లేత వయసులో మాను నిండా ముళ్ళు. అరచేతిలో నిండుగా పట్టే ఎర్రటి పూలు, దళసరి రేకులు అయిదు. రాలినప్పుడు టప్పుమని చప్పుడవుతుంది, కింద నిలబడితే నెత్తి జాగ్రత్త! ఎండలు ముదిరాక కాయ పగిలి దూది ఎగురుతుంది. పత్తి పండించే మన నేల మీద ఎవరూ విత్తకుండా, మందు కొట్టకుండా దూది ఇచ్చే చెట్టు ఇది. పత్తికీ దీనికీ చుట్టరికం కూడా వుంది. వృక్షశాస్త్రంవాళ్ళు రెండింటినీ ఒకే కుటుంబంలో వేశారు.

హీరోయిన్ కొండగోగు. పేరుకి తగ్గట్టే కొండల్లో, రాళ్ళ సందుల్లో కాపురం. ఆకు లేని కొమ్మల చివర పసుపుపచ్చని పెద్ద పూలు. బొగ్గురంగు బండల మధ్య ఆ పసుపు చూశాక తోటల్లోని బంతిపూలు కాస్త చిన్నబోతాయి.

సంగీతం సంగతి చెప్పనే లేదు. కోకిల! ఇక్కడో రహస్యం. మన పాటల్లో 'కోయిలమ్మ' అని ఆడదాన్ని పొగుడుతాం. కుహూ కుహూ అని సాగదీసి పాడేది మాత్రం మగ కోకిల. నల్లటి వొళ్ళు, ఎర్రటి కళ్ళు. కోయిలమ్మ గోధుమరంగు వొంటి మీద తెల్లచుక్కలేసుకుని, కాకి గూట్లో గుడ్డు పెట్టే పనిలో వుంటుంది. ప్లేబాక్ ఒకరిది, పేరు ఇంకొకరిది! మన పరిశ్రమలో కొత్తేమీ కాదుగా?

ఇదంతా ఎక్కడ చూడాలంటారా? దాచేపల్లిలో దిగండి చాలు. గుంటూరు జిల్లానుంచి విడదీసి 2022 ఏప్రిల్ 4న ఏర్పాటు చేసిన పల్నాడు జిల్లాలో వుందిప్పుడు. కారెంపూడి పక్కగా వచ్చిన నాగులేరు దాచేపల్లిని ఒరుసుకుంటూ కృష్ణలోకి పోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏట్లో నీళ్ళు తక్కువ, రాళ్ళు ఎక్కువ. ఆ గట్టు వెంబడి, వాగు వొడ్డున, పొలం కాని బీడులో కళ్ళు తెరుచుకుని నడవండి. పక్కనే నడికుడి జంక్షన్. అక్కడినుంచి గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల పోయే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే అదే ఓ సినిమాస్కోపు.

దూరంగా ఎర్రటి దుప్పటి పరిచినట్టు కనబడితే మాత్రం పూలతోట అని పరుగెత్తకండి. అది మిరపకల్లం! ఘాటుకి నాలుగు తుమ్ములు తుమ్మి వెనక్కి వస్తారు. అయినా చూడవలసిందే. అడిగి వెళ్ళండి, కాయలు తొక్కకుండా పక్కగా నిలబడండి. రైతు ఏడాది కష్టమంతా అక్కడ ఆరబోసి వుంటుంది. అంత ఎరుపుకీ మూలం ఏమిటో తెలుసా? గోరంత తెల్లపువ్వు. సిగ్గుపడ్డట్టు తల వంచుకుని ఆకుల కింద దాక్కుంటుంది. చేను చివర్లో ఒకటో రెండో ఇంకా మిగిలే వుంటాయి, వంగి చూడండి.

ఓపికుంటే మాచర్ల దాటి సాగర్ దారిలో ఎత్తిపోతల చూడొచ్చు. సుమారు 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది నీరు. కొండగోగుని కూడా ఆ కొండల వైపే వెతకాలి. పొద్దున ఆరున్నరకి బయల్దేరి తొమ్మిదింటికల్లా నీడ పట్టుకోండి. 'శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది' అన్నారు పెద్దలు. పల్నాట్లో అది పోయిన మర్నాడే ఎండ వచ్చి కూర్చుంటుంది. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. నీళ్ళసీసా, టోపీ, కాళ్ళకి బూట్లు మరవద్దు. చాటుపద్యంలో తేళ్ళ సంగతి ఆయన ఊరికే అనలేదు!

సరదా అయింది. ఇప్పుడు కాస్త అసలు సంగతి.

జపానులో క్యోటో అని ఓ నగరం వుంది. అక్కడ చెర్రీపూలు ఏ రోజున నిండుగా విచ్చుకున్నాయో రాజాస్థానంవాళ్ళు, బౌద్ధ సన్యాసులు తమ డైరీల్లో రాసుకుంటూ వచ్చారు. ఏ విజ్ఞానం కోసమూ కాదు. పూల విందుకి వెళ్ళాం, బాగుంది అని, అంతే. క్రీ.శ. 812 నాటి లెక్క కూడా దొరికింది. మధ్యలో ఖాళీలున్నా, మొత్తం పన్నెండు వందల ఏళ్ళ లెక్క! 2021లో అక్కడ పూలు మార్చి 26కే నిండుగా పూశాయి. అప్పటిదాకా ఆ లెక్కలన్నిటిలో అంత ముందుగా పూసిన ఏడు లేదు. భూమి వేడెక్కుతోందనడానికి శాస్త్రజ్ఞులు చూపించే సాక్ష్యాల్లో ఆ సరదా డైరీలు కూడా చేరాయి.

మన దాచేపల్లి మోదుగ ఈ ఏడాది ఎప్పుడు పూసింది? పోయినేడు ఎప్పుడు? మీ తాతగారి కాలంలో శివరాత్రికి ముందా, తర్వాతా? లెక్క ఎవరి దగ్గరుంది? సినిమా ఏ హాల్లో ఎన్ని రోజులాడిందో మీరు తడుముకోకుండా చెబుతారు. శతదినోత్సవాల తేదీలు అప్పజెబుతారు. ఆ జ్ఞాపకశక్తిలో ఒక్క పిసరు ఈ చెట్టుకిస్తే ఎంత బాగుంటుంది!

ఎందుకంటే చెట్లు తగ్గుతున్నాయి. 1967 ఆగస్టులో సాగర్ కాలవలకి నీళ్ళొదిలాక మెట్టచేలు మాగాణులయ్యాయి, కడుపులు నిండాయి. మంచిదే. మిరపచేను గట్టు మీద చెట్టుంటే పైరుకి నీడ పడుతుంది, ట్రాక్టరు తిరగదు. వేలకి వేలు పెట్టుబడి పెట్టిన రైతు దాన్ని కొట్టేస్తే తప్పు పట్టలేం. బీడు పొలమైంది, గుట్ట క్వారీ అయింది, రోడ్డు వెడల్పయింది. అన్నీ అవసరాలే. అన్ని అవసరాలకీ అడ్డం వచ్చింది ఆ మోదుగే. విస్తరాకు చోట ప్లాస్టిక్ పూత కాగితం ప్లేటు వచ్చాక దాన్ని వుంచాలన్న స్వార్థం కూడా పోయింది. ఇప్పుడు మిగిలినవి వాగు గట్టున, రైలు కట్ట పక్కన, శ్మశానం అంచున. ఎవరికీ పట్టని చోట్ల! వాటినైనా కొట్టబోయేవాడితో 'ఆగవయ్యా, ఇది ఫలానా తేదీకి పూస్తుంది, మేం చూడ్డానికొస్తాం' అని చెప్పే మనిషి వూరికి ఒక్కడుంటే చెట్టుకి ఇంకో ఏడాది ఆయుష్షు.

కాబట్టి మీకో చిన్న పని. ఈ ఆదివారం మీ వూళ్ళోనే, మీ పేటలోనే ఒక చెట్టు ఎంచుకోండి. మోదుగే కానక్కర్లేదు. వేప అయినా సరే, ఉగాది పచ్చడిలోకి పూత కోసే చెట్టు. కానుగ అయినా సరే, బస్టాండు ముందు నీడనిచ్చే చెట్టు. మొదటి పువ్వు ఏ రోజు కనబడిందో నోటుబుక్కులో తేదీ రాయండి. ఏ పిట్ట వచ్చిందో పక్కన రాయండి. మళ్ళీ ఏడు మళ్ళీ రాయండి. కొమ్మలు విరవకండి. అభిమాన తారని చూడ్డానికి వెళ్ళి చీర చెంగు చింపుకుని వస్తామా ఏమిటి? జడలోకి కావాలంటే కింద రాలినవి వున్నాయి, పోటీకి ఎవరూ రారు.

ఇంట్లో 'పొద్దున్నే ఎక్కడికిరా?' అని నాన్నగారు గర్జిస్తే నిజమే చెప్పండి. మార్నింగ్ షోకి అనండి. ఈ ఒక్కసారికి టిక్కెట్టు డబ్బులు అడగరు కనక ఆయనా సంతోషిస్తారు. మూడో వారం దాటితే మాత్రం షో ఎత్తేస్తారు. రెండో రన్‌కి మళ్ళీ ఏడాది ఆగాలి.

ఇంతకీ, మీ వూరి మోదుగ ఎక్కడుందో మీకు తెలుసా?