హైతీకి పడిన బాకీ మాటేమిటి?

ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గారికి,

2010 జనవరి 12 సాయంత్రం 4:53కి రచయిత దనీ లఫెరియేర్ హైతీ రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో, ఒక హోటల్లో భోజనం చెప్పి కూర్చున్నారు. అక్కడే పుట్టి, 1976లో మాంట్రియల్‌కు వెళ్లిపోయిన ఆయన సాహిత్య ఉత్సవం కోసం వచ్చారు. ఇంతలో భూమి కదిలింది. ప్రాణాలతో బయటపడి ఆయన నోటుబుక్కులో రాసుకున్నదే ‘నా చుట్టూ అంతా కదులుతోంది’ అన్న జ్ఞాపకాల పుస్తకం.

అందులో ఏడుపులు తక్కువ. గోడకు ఆనుకుని కొన్ని మామిడిపళ్లు పెట్టుకుని అమ్ముకునే మనిషి కనిపిస్తుంది. కాంక్రీటు కూలినచోట పూలు నిలిచాయన్న గమనింపు కనిపిస్తుంది. హైతీది శాపగ్రస్త దేశమన్న టీవీ వ్యాఖ్యలపై మాత్రం రచయితకు గట్టి కోపం.

కోపం న్యాయమైనదే. ఆ భూకంపం తీవ్రత 7.0. ఆరు వారాలకు చిలీలో 8.8 వచ్చింది, అక్కడ పోయినవారు సుమారు 525 మంది. హైతీలో లక్షకు తక్కువ చెప్పిన అంచనా అరుదు, ప్రభుత్వమైతే 3 లక్షలు దాటిందంది. బరువైన స్లాబుల కింద చాలీచాలని ఇనుము, నాసి సిమెంటు ఇటుకలు. దీనికి శాపమెందుకు?

మీ సంస్థ కూడా ఆ రోజు 102 మందిని పోగొట్టుకుంది. ఆ దుఃఖాన్ని ఎవరూ తక్కువ చేయరు.

కానీ లఫెరియేర్ పుస్తకం తొలిసారి అచ్చయ్యాక, అదే ఏడాది అక్టోబరులో కలరా వచ్చింది. మిర్బలే దగ్గర మీ శాంతిదళాల శిబిరం మురుగు ఆర్టిబొనీట్ ఉపనదిలో కలిసింది. 8 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, దాదాపు 10 వేలమంది పోయారు. భూకంపాన్ని తట్టుకున్నవాళ్లను ఈసారి నీళ్లు చంపాయి. బాధితులు కోర్టుకెక్కితే సంస్థకున్న చట్టపరమైన రక్షణ అడ్డొచ్చింది. 2016 డిసెంబరులో అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పి, 40 కోట్ల డాలర్ల ప్రణాళిక ప్రకటించారు. నిధులను సభ్యదేశాల దయకు వదిలేశారు. వచ్చింది కొద్ది శాతమే.

శాంతిదళాల ఖర్చుకు ప్రతి దేశానికీ వాటా కట్టి వసూలు చేస్తారు కదా. అవే దళాలు తెచ్చిన జబ్బుకు పరిహారం మాత్రం విరాళమెలా అవుతుంది? దాన్ని కూడా వాటాల లెక్కలోకి తెచ్చి, చనిపోయినవారి కుటుంబాలకు నేరుగా చెల్లించే తీర్మానాన్ని సర్వసభ్య సభ ముందు మీరే పెట్టాలి.

ఇట్లు,
లఫెరియేర్ పుస్తకం చదివిన ఒక తెలుగు పాఠకుడు