రక్షకుల గాయమునకు రక్షణ యేది?

2025 జూన్ 30వ తేదీన పాశమైలారము పారిశ్రామికవాడలో సిగాచి ఔషధ కర్మాగారము ప్రేలి యేబదిమందికి పైగా కార్మికులు మడిసిన ఘోరమును పాఠకులు మఱచియుండరు. మృతుల కుటుంబములకు పరిహార మెంత, యజమానుల బాధ్యత యెంత, ప్రభుత్వపు తనిఖీ యేపాటిది యని చర్చ జరిగినది. జరుగవలసినదే. కాని యా శిథిలములలోనికి దిగినవారిని గూర్చి పలికినవా రరుదు. అగ్నిమాపక భటులును, విపత్తు సహాయక దళములవారును దినములతరబడి ఇనుమును, మట్టిని తొలగించి మానవదేహముల యవశేషములను ఏఱినారు. పెక్కుమందిని డి.ఎన్.ఏ. పరీక్షవలన గాని గుర్తింప వీలు కాలేదు. ఎనిమిదిమంది ఆనవాలే చిక్కలేదు. ఆ పని చేసిన చేతులతోనే వారింటికి పోయి యన్నము కలుపుకొనవలెను గదా! పిమ్మట వారికి నిద్ర పట్టినదా యని అడిగిన వారెవరు?

ఇది జాలికొలది చెప్పు మాట కాదు. వైద్యశాస్త్ర మంగీకరించిన వ్యాధి. 1915లో చార్లెస్ మైయర్స్ అను ఆంగ్ల వైద్యుడు లాన్సెట్ పత్రికలో దీనిని సైనికులయందు చూచి ‘షెల్ షాక్’ అని వ్రాసెను. ఆ యుద్ధముననే పిరికితనము, పారిపోవుట మొదలగు నేరములు మోపి తాము కాల్చి చంపిన 306 మంది సైనికులకు బ్రిటిషువారు 2006లో, అనగా తొంబదియేండ్లకు, క్షమాభిక్ష ప్రకటించిరి. అమెరికా మనోవైద్యులు 1980లో ఈ వ్యాధికి పి.టి.ఎస్.డి. యని పేరిడిరి. 2013లో తమ గ్రంథమును సవరించుచు, మానవావశేషములను ఏఱెడి సహాయకులకును ఇది కలుగునని స్పష్టముగా వ్రాసిరి. పాశమైలారములో జరిగిన పని సరిగా నదియే.

మన శేరిలింగంపల్లి సంగతి చూడుడు. గచ్చిబౌలి, మాధాపురము, రాయదుర్గములలో అద్దాల మేడలు లేచినవి. వానితోపాటు పైవంతెనలును, బాహ్యవలయ రహదారియు వచ్చినవి. 2019 నవంబరులో బయోడైవర్సిటీ కూడలివద్ద పైవంతెన మీదినుండి కారు క్రిందపడి దారిన పోవు స్త్రీ యొకతె మరణించినది. ఇట్టి ప్రతి ప్రమాదమునకు మొదట పరుగెత్తి వచ్చునది 108 శకటము. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన యీ సేవను చూచి పెక్కు రాష్ట్రములు అనుసరించినవి. కాని యా బండి నడపువాడును, లోపల రక్తస్రావము నాపువాడును ప్రభుత్వోద్యోగులు కారు. నిర్వాహక సంస్థ సిబ్బంది. కంపెనీలు పెక్కు తమ యుద్యోగుల మనశ్శాంతికై సలహాదారులను నియమించుకొనినవి. ఆ యుద్యోగిని నలిగిన కారునుండి బయటికి లాగినవానికి మాత్రము సలహాదారుడు లేడు. పీడకలలు వచ్చుచున్నవని చెప్పినచో పనికి తగడందురేమో యని వాడు నోరు మెదపడు. సైరను మ్రోత వినగానే చెమటలు పట్టును. పిల్లలపై నిష్కారణముగా విసుగు వచ్చును. తుదకు మద్యము మందగును.

“గుండె దిటవు లేనివా డా పనికేల పోవలె?” నని కొంద రందురు. ఈ మాట మాకు సమ్మతము కాదు. పొగలో పనిచేసినవాని ఊపిరితిత్తి చెడినచో వాని పౌరుషమును శంకింపము. మనస్సు చెడినప్పుడు మాత్ర మేల శంకింపవలెను? ఇది కుదురు వ్యాధి. శిక్షితుడైన వైద్యునియెదుట ఆ స్మృతిని మెల్లమెల్లగా, క్రమముగా ఎదుర్కొను చికిత్సకు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2013లో ఆమోదము తెలిపినది. ప్రమాదము జరిగిన మఱునాడే అందఱిని కూర్చుండబెట్టి బలవంతముగా చెప్పించుట మేలు చేయదని కూడ తేలినది. కావలసినవి విశ్రాంతి, తోడివారి యాదరణ, నెల గడచినను బాధ తగ్గనిచో తగిన వైద్యము. ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయ మున్నది. 14416 అను టెలి మానస్ నంబరునకు తెలుగుననే మాటాడవచ్చును.

అయినను వైద్యము కోరినంతమాత్రమున జీతము పోవునను భయ మున్నంతవఱకు ఎవడు వైద్యుని గడప త్రొక్కును? కావున ఇది వైద్యులకు విడిచి యూరకుండదగిన విషయము గాదు, శాసన విషయము. అంతర్జాతీయ కార్మికసంస్థ 2010లో వృత్తివ్యాధుల పట్టికలో దీనిని చేర్చెను. మన 1923 నాటి పరిహార చట్టపు పట్టికలో సీసపు విషమున్నది, పాదరసపు విషమున్నది, మనోవ్యాధి లేదు. దాని స్థానమున 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోను లేదు. పట్టికలో లేనందున, వ్యాధి పనివలననే కలిగెనని ఋజువు చేయు భారము రోగి తలపై పడుచున్నది. కెనడాలోని అంటారియో రాష్ట్రము 2016లో ఈ భారమును తలక్రిందులు చేసి, సహాయకునకు ఈ వ్యాధి కలిగినచో పనివలన కలిగినట్లే భావింపవలెనని శాసించెను. ఇది మనకును క్రొత్త న్యాయము కాదు. కొలువులో చేరునాడు ఆరోగ్యవంతుడైన సైనికునికి పిమ్మట వ్యాధి కలిగినచో, అది కొలువువలననే కలిగినట్లు భావింపవలెనని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. సరిహద్దున నిలిచినవానికి చెల్లిన న్యాయము మంటలలో దూఱినవానికి చెల్లదా?

మేము కోరునవి మూడు: మనోవ్యాధిని వృత్తివ్యాధుల పట్టికలో చేర్చి యా భావనను సహాయకులకు వర్తింపజేయవలెను, ఒప్పంద సిబ్బందికిని జీతముతో కూడిన వైద్యపు సెలవు నియ్యవలెను, చికిత్స పొందెననుట యెవ్వని కొలువునకును ముప్పు కారాదు. శాసనసభ్యులు వినునంతవఱకు పఠనాలయముల సభ్యులు మహజరులు వ్రాయుదురు గాక! మనము పిలిచినప్పుడు వారు రాకుండలేదు. ఇప్పుడు వారు పిలువలేకున్నారు. మనమే పోవలెను.