యానాంలో నేను తిన్న కూర



"ఫ్రెంచోళ్ళ ఊరికి పోయినవట గదా, ఏం తిన్నవు బిడ్డా?"

యానాం నుంచి తిరిగొచ్చి ఎల్.బి.నగర్‌లో బస్సు దిగి ఇంటికి చేరగానే అమ్మ అడిగిన మొదటి మాట ఇది. చర్చి చూసినవా, గోదావరి చూసినవా అని అడగలేదు. ఆకలి తెలిసినవాళ్ళు ఊరి గురించి ముందు అడిగేది తిండి సంగతే. ఆ ప్రశ్నకు జవాబే ఈ వారం వ్యాసం.

పంద్రాగస్టు సెలవులకు పోయాను. ఎల్.బి.నగర్ రింగురోడ్డు దగ్గర రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి కాకినాడ. అక్కడి నుంచి యానాం ఎంతో దూరం లేదు. చుట్టూ ఆంధ్ర, పాలన మాత్రం పుదుచ్చేరిది. ఫ్రెంచివాళ్ళు 18వ శతాబ్దం మొదట్లో వ్యాపారానికి వచ్చి పాతుకుపోయిన ఊరు. 1954లో వాళ్ళ పాలన పోయింది. చట్టప్రకారం భారతదేశానికి దక్కింది మాత్రం 1962 ఆగస్టు 16న. అందుకే అక్కడ 15 తర్వాత 16 కూడా పండగే.

పోయేముందు తోటి లెక్చరర్లు చెప్పిన జాబితా చిన్నదే. చర్చి చూడు, గౌతమి ఒడ్డున నడువు, పులస తిను. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు గదా! వరదనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి గోదావరిలోకి వచ్చే చేప. దాని రుచిని నేను కాదనను. కానీ వేలు పలికే ఆ చేపను పట్టిన మనిషి ఇంట్లో ఆ పూట పులుసు కాగుతుందా? వల ఆయనది, రుచి కొనుక్కున్నవాళ్ళది. ఆ సామెతలో అమ్ముకునే పుస్తెలు ఎవరివో కూడా ఎవరూ అడగరు.

నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడిది ఆ ఊరే. "సార్, హోటల్ వద్దు, మా ఇంటికి రండి" అన్నాడు. వాళ్ళది ఊరి చివర పేట. వాళ్ళమ్మ గడపలోనే నిలబడి, "మాస్టారూ, మా కూరలు మీరు తింటారాండీ? పిల్లోడు చెప్పకుండా తీసుకొచ్చేశాడు, పప్పు కూడా వండలేదండీ" అంది. తెలుగులో డాక్టరేట్ అనగానే నన్ను పంతులుగారి కింద జమకట్టింది. ఆమె తప్పు కాదు. తెలుగు చెప్పేవాళ్ళు ఎవరై ఉంటారో ఈ సమాజం ఆమెకు అలాగే నేర్పింది.

"అమ్మా, మీరు పేట అంటారు, మా దిక్కు వాడ అంటారు. అంతే తేడా" అన్నాను.

ఆమె ముఖం విచ్చుకుంది. ఎండు నెత్తళ్ళు, వంకాయ కలిపి వండిన కూర పెట్టింది. నెత్తళ్ళ తలలు తుంచి, పెనం మీద వేయించి, ఇసుక పోయేదాకా కడిగి, వంకాయ సగం ఉడికాక వేసి, చివరికి చింతపండు రసం పోస్తుందట. రెండుసార్లు మారు అడిగాను. యానాం రుచి అంటే నాకిక అదే. ఏ హోటలు బోర్డు మీదా అది కనపడలేదు.

ఆ ఊరి చరిత్ర కూడా ఇట్లాగే రెండు పంక్తుల్లో కూర్చుంది. 1930లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమలులోకి వచ్చి బాల్యవివాహాలు నేరమయ్యాయి. ఆ చట్టం ఫ్రెంచి నేలకు వర్తించదు. అందుకని సంప్రదాయం తప్పకూడదనుకున్న కుటుంబాలు బండ్లు కట్టుకుని వచ్చి యానాంలో పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేశాయి. కళ్యాణపురం అని దానికి పేరే వచ్చింది. అంతకు ముందు, 1848లో రీయూనియన్ దీవిలో బానిసత్వం రద్దయ్యాక, చెరుకు తోటలకు కూలీలు కావాల్సి వచ్చి ఇక్కడి నుంచి కూడా మనుషుల్ని ఓడలెక్కించారు. పక్కనున్న కోరంగి రేవు నుంచి పోయినవాళ్ళకు మారిషస్‌లో, బర్మాలో ఆ రేవు పేరే పడింది. ఒకరు పెళ్ళిభోజనానికి వచ్చిన ఊరి నుంచే ఇంకొకరు గంజి కోసం సముద్రం దాటారు. పర్యాటక బోర్డుల మీద చర్చి ఉంది, వంతెన ఉంది. ఆ గంజి ఎక్కడుంది?

వంతెన అంటే గుర్తొచ్చింది. యానాం నుంచి ఎదుర్లంకకు గోదావరి మీద కట్టిన వారధికి బాలయోగి పేరు పెట్టారు. లోక్‌సభకు తొలి దళిత స్పీకర్. మనవాళ్ళ పేరు వంతెనకు ఎక్కింది. మనవాళ్ళ కూర మాత్రం ఇంకా మెనూకు ఎక్కలేదు.

అసలు ఫ్రాన్సులో ఏం జరిగిందో చూడండి. లియోన్ అనే పాత నగరం ఆ దేశపు భోజన రాజధానిగా పేరుపడింది. పశువు పొట్టలోని బోటిని పొడి అద్ది వేయించిన వంటకం అక్కడ పేరున్న స్థానిక రుచి. పట్టునేత కార్మికుల పేరు మీద ఒక జున్ను వంటకమే ఉంది. చిన్నప్పుడు పందులు కాసి, ఇళ్ళల్లో పనిచేసిన యూజెనీ బ్రాజియే 1933లో తన రెండు హోటళ్ళకూ మిషెలిన్ మూడేసి నక్షత్రాలు తెచ్చుకుంది. పేదల తిండిని సిగ్గుపడకుండా ఊరి పేరుతోనే వడ్డించారు. మనం ఫ్రెంచివాళ్ళ గోడలను మెచ్చుకుంటాం గానీ ఈ సంగతి నేర్చుకోం.

ఇక దిల్‌సుఖ్‌నగర్‌కు వద్దాం. ఇక్కడ ప్రతి సందులో 'గోదావరి రుచులు', 'రాయలసీమ రుచులు', 'తెలంగాణ రుచులు' అని బోర్డులున్నాయి. అన్ని జిల్లాలూ ఉన్నాయి, అన్ని వాడలూ లేవు. ఇదే చోట నేను ఇల్లు వెతికినప్పుడు ఒక ఓనరు కులం అడగలేదు. "ఏం తింటరు సార్?" అన్నాడు. అన్నీ తింటాం అన్నాను. మర్నాడు ఫోన్ చేస్తే ఇల్లు ఎవరికో ఇచ్చేశామన్నాడు. టు-లెట్ బోర్డు మరో నెల అట్లాగే వేలాడింది. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఉస్మానియాలో 2012లో విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే గొడవ ఎందుకయిందో ఆ బోర్డు చూస్తే తెలుస్తుంది. తిండి గురించిన ప్రశ్న ఈ నగరంలో కులం గురించిన ప్రశ్నే.

నన్ను నేనూ వదలను. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టాఫ్ రూములో టిఫిన్ మూత సగమే తెరిచి తిన్నాను. అమ్మ చేసిన బోటికూర వాసన ఎవరికి తగులుతుందోనని భయం. అమ్మ వంటను దాచిపెట్టి, క్లాసులో శ్రీనాథుడు తిన్న తిండి గురించి గంటసేపు పాఠం చెప్పాను.

అందుకే సెలవుల తర్వాత మా పిల్లలకు ఒక పని ఇచ్చాను. మీ ఇంట్లో అమ్మో నాయనమ్మో వండే ఒక కూర, కాలేజీ ఫుడ్ ఫెస్టివల్లో ఎప్పుడూ పెట్టనిది, ఎట్లా వండుతారో మీ ఇంటి మాటల్లోనే రాసుకు రండి అన్నాను. మార్కులు వ్యాకరణానికి కాదు అని కూడా చెప్పాను. ఈసారి ఫెస్టివల్లో ఆ కూరలకు బల్ల వేయాలని అడుగుతున్నాను. వద్దంటే ఎందుకు వద్దో కాగితం మీద రాసిమ్మంటాను.

"నెత్తళ్ళు తిన్నానమ్మా" అంటే అమ్మ నవ్వింది. "గంత దూరం పోయి మన కూరనే తిన్నవా?" అంది.

మన కూరే. ఇప్పుడు స్టాఫ్ రూములో మూత పూర్తిగా తీసే తింటున్నాను.

జై భీమ్.