ర్యాంకు వస్తోందిగా, ఇంకేం?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే చెవులు గింగురుమంటాయి. హారన్లు, ‘ఏదైనా వంద’ అంటూ తోపుడుబండి మైకులో తిరిగే రికార్డు, చేతిలో కోచింగ్ కరపత్రాలు కుక్కే కుర్రాళ్లు. మనకు అలవాటే. మా ఎదురింటి అబ్బాయికి మాత్రం అలవాటవదు. రెండు చెవులూ మూసుకుని గోడవారగా నడుస్తాడు. రైలెక్కాక తేరుకుంటాడు. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా 27 స్టేషన్లూ వరసగా అప్పజెబుతాడు. అమీర్‌పేట్ దాకా రైలు మొదలైంది 2018 సెప్టెంబర్ 24న, సోమవారమని కూడా.

అది ఆస్పర్జర్స్ అనే ఒక రకం ఆటిజమని తేలేసరికి వాడికి పదహారేళ్లు. అంత ఆలస్యం ఎందుకంటే, మార్కులు. మాటలు రాని పిల్లాణ్నయితే మూడేళ్లకే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. లెక్కల్లో నూటికి నూరు తెచ్చేవాణ్ని ఎవరు తీసుకెళ్తారు? బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ ఇలాంటి పిల్లల్ని చూసే జాతీయ సంస్థే ఉంది. ర్యాంకు వస్తుంటే ఆ దారి ఎవరికి గుర్తొస్తుంది! బడిలో ఒక్క స్నేహితుడూ లేడన్న సంగతి ప్రోగ్రెస్ కార్డులో రాయరు కదా.

పండక్కొచ్చిన మేనమామ, ‘ఏరా, మమ్మల్ని మర్చిపోయావా?’ అన్నాడు. ‘లేదు మామయ్యా, పోయిన నెల 14న వచ్చారుగా’ అని వీడు గదిలోకి వెళ్లిపోయాడు. పొగరన్నారు. నాకైతే ఆ జవాబులో తప్పేమీ కనపడలేదు. కాలేజీలో చెప్పాపెట్టకుండా స్టడీ అవర్ గది మార్చిన రోజు బెంచీ కింద దూరి ఏడ్చాడు. నాటకాలన్నారు. ముందురోజు ఒక్క మాట చెబితే సరిపోయేది.

వియన్నా డాక్టరు హాన్స్ ఆస్పర్జర్ ఇలాంటి పిల్లల గురించి 1944లోనే రాశాడు. 1981లో బ్రిటన్ మనోవైద్యురాలు లోర్నా వింగ్ ఈ స్థితికి ఆయన పేరు పెట్టింది. అమెరికా మనోవైద్యులు 2013లో ఆ పేరు తీసేసి ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేశారు. నాజీల కాలంలో పిల్లల్ని చంపే చోటికి ఆయన కొందరిని పంపాడని రికార్డులు బయటపడ్డాక ఆ పేరు పలకడానికే కొందరికి మనసొప్పడం లేదు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఆటిజం అనే ఉంది. రిజర్వేషన్ కావాలంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. గలగలా మాట్లాడేవాణ్ని చూసి, వీడికేమైందని అడిగేవాళ్లే ఎక్కువ. ఇంట్లో పొగరు, కాలేజీలో నాటకం, సర్టిఫికెట్ ఆఫీసులో ఆరోగ్యం!

మొన్న లిఫ్టు దగ్గర కనిపిస్తే ‘ఎలా ఉన్నావురా?’ అన్నాను.

‘ఎప్పుడంకుల్?’

కాస్త తడబడి, ‘ఇవాళ, కాలేజీలో’ అన్నాను.

‘బాలేదు. ఫ్యాను చప్పుడు చేస్తోంది’ అన్నాడు.