కయెంటా మీదుగా వెళ్తున్నారా?

మార్చి వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ఐటినరీ చేతులు మారుతుంటుంది. ఫీనిక్స్‌లో దిగి వ్యాన్ అద్దెకి తీసుకోవడం, సెడోనా, గ్రాండ్ కాన్యన్, పేజ్‌లో హార్స్‌షూ బెండ్, యాంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, చివరికి వేగస్‌లో విమానం ఎక్కడం. వెనకాల రైస్ కుక్కర్, పులిహోర డబ్బా, ఆవకాయ సీసా. వేళాకోళం చెయ్యడం లేదు, మా వ్యానూ అలాగే ఉంటుంది. స్ప్రింగ్ బ్రేక్ అంటే ఉన్నదే ఒక వారం, ఎన్ని చూస్తే అన్ని.

నా అభ్యంతరం వేరే. ఆ లిస్టు నిండా రాళ్ళూ లోయలే. మనుషులు ఒక్కరూ లేరు.

గ్రాండ్ కాన్యన్ తూర్పు గేటు దాటి కామెరాన్ చేరేసరికి మనం నవాహో నేషన్‌లో ఉంటాం. ఆరిజోనా, యూటా, న్యూ మెక్సికో మూడూ కలిపి దాదాపు 27,000 చదరపు మైళ్ళు. అంటే తెలంగాణలో సగం కంటే ఎక్కువే. వాళ్ళకి సొంత ప్రెసిడెంటు, కౌన్సిల్, పోలీసులు, కోర్టులు ఉన్నాయి. టైము కూడా సొంతమే. మార్చిలో ఆరిజోనా గడియారం ముందుకి జరపదు, నవాహోలు జరుపుతారు, వాళ్ళ మధ్యలో గారె చిల్లులా ఉన్న హోపీలు మళ్ళీ జరపరు. సరిగ్గా మనం వెళ్ళే వారంలో ఫోన్లు ముందుకీ వెనక్కీ గెంతేది ఇందుకే. (మన వృత్తివాళ్ళకో ముచ్చట: కంప్యూటర్లు వాడే టైమ్ జోన్ డేటాబేస్‌లో 'నవాహో' అని ఒక పేరే ఉంది.)

యాంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ రెండూ వాళ్ళవే. నేషనల్ పార్క్ పాస్ అక్కడ చెల్లదు. "పాస్ కొన్నాం కదా, మళ్ళీ ఈ డబ్బులేంటి, పైగా గైడు కూడానా" అని సణిగేవాళ్ళు ప్రతి గ్రూపులోనూ కనిపిస్తారు. వాళ్ళ నేల, వాళ్ళ టిక్కెట్టు. ఇక గైడు సంగతంటారా, 1997 ఆగస్టులో ఎక్కడో ఎగువన పడ్డ వాన వరదై ఆ ఇరుకు సందులోకి దూసుకొచ్చి 11 మందిని పొట్టన పెట్టుకుంది.

సరే, పేజ్ నుంచి కయెంటాకి గంటన్నర పైనే పడుతుంది. సిగ్నల్ పోయి ఎలాగూ పాటలు ఆగిపోతాయి. అప్పుడు ఏఎం 660 పెట్టండి. విండో రాక్ నుంచి వచ్చే కేటీఎన్ఎన్, నవాహోల రేడియో. ముక్క అర్థం కాదు. మధ్యలో "పికప్ ట్రక్" అనో "బాస్కెట్‌బాల్" అనో ఒక ఇంగ్లీషు మాట తేలుతుంది. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు, కాసేపు విని "తాతయ్య ఫోన్లో న్యూస్‌లా ఉంది" అంది, ఇంగ్లీషులో.

ఆ భాష అలా వినబడడం మామూలు విషయం కాదు. 1868 ఒప్పందంలో ఆరు నుంచి పదహారేళ్ళ పిల్లల్ని ఇంగ్లీషు చదువుకి పంపాలని వాళ్ళ చేత ఒప్పించారు. తర్వాత వచ్చిన బోర్డింగ్ స్కూళ్ళలో జుట్టు కత్తిరించారు, నవాహోలో మాట్లాడితే శిక్షించారు. ఆ బళ్ళలో చదివినవాళ్ళే కొందరు 1942లో మెరీన్ దళంలో చేరారు. అప్పుడదే ప్రభుత్వానికి ఆ భాష కావలసొచ్చింది. 29 మంది కూర్చుని కోడ్ తయారుచేశారు: యుద్ధ ట్యాంకు అంటే తాబేలు, సబ్‌మెరీన్ అంటే ఇనప చేప, గ్రెనేడ్లంటే బంగాళాదుంపలు. జపాన్ వాళ్ళు దాన్ని ఛేదించలేకపోయారు. 1968 దాకా అది రహస్యమే. ఆ 29 మందికీ బంగారు పతకాలు ప్రకటించి ఇచ్చేసరికి 2001 వచ్చింది, అప్పటికి చాలామంది లేరు.

ఇదంతా చెప్తే మా అమ్మాయి వేసిన ప్రశ్న ఒక్కటే: స్కూళ్ళవాళ్ళు సారీ చెప్పారా అని. చెప్పారు, 2024 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ ఆరిజోనాకే వచ్చి చెప్పాడు. "అంత లేటుగానా" అంది.

ఇది తెలిశాక, అమెరికాలో తెలుగు ఏమైపోతోందంటూ మన సభల్లో పెట్టే శోకాలు నాకు ఎబ్బెట్టుగా ఉంటాయి. ఇక్కడ మన పిల్లల భాష మీద ఏ సర్కారూ బెత్తం ఎత్తలేదు. ఆ పని జరిగింది మన దగ్గరే. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీశారు, ఇకపై తెలుగు మాట్లాడనని రాసి. పేపర్లలో వచ్చింది, నాలుగు రోజులు గొడవయింది, మర్చిపోయాం. నవాహోల దగ్గర లాక్కున్నారు. మనం ఫీజు కట్టి మరీ అప్పగించాం. రెంటికీ ఒకే ఏడుపు ఏడవడం న్యాయం కాదు.

నవాహో ఈ రోజుకీ లక్షన్నర మందికి పైగా మాట్లాడుతున్న భాష. వాళ్ళకీ దిగులుంది, పిల్లలు ఇంగ్లీషులోకి జారిపోతున్నారని. అందుకే 2013లో స్టార్ వార్స్ సినిమాని నవాహోలోకి డబ్బింగ్ చేయించుకున్నారు.

కయెంటాలో బర్గర్ కింగ్ ఉంది. పులిహోర డబ్బా వ్యాన్‌లోనే ఉంచి లోపలికి వెళ్ళండి. అక్కడ కోడ్ టాకర్ల వస్తువులూ ఫొటోలూ అద్దాల వెనక పెట్టారు. పిల్లలు ఫ్రైస్ తింటూ చూస్తారు. అరగంట చాలు, మాన్యుమెంట్ వ్యాలీలో సూర్యాస్తమయం ఏమీ తప్పిపోదు. కాకపోతే అది ఏ టైము ప్రకారమో ముందే అడిగి పెట్టుకోండి.