కానరాని కోట, కట్టని రేవు

ఉలి సోకకయే నేడు దేవాలయములు లేచుచున్నవి. కూలిన కోటలు, నేలమట్టమైన స్తూపములు, కాగితముమీదనే నిలిచిపోయిన నగరములు కంప్యూటరు తెరపై గోడలతో నీడలతో సాక్షాత్కరించుచున్నవి. ఈ విద్యను మేము నిరసింపము. పోయినదానిని మన బాలబాలికల కన్నులయెదుట నిలుపగల సాధనము సామాన్యమైనది కాదు. కాని చూపినదానిలో నిజమెంత, ఊహ యెంత యను ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన బాధ్యత చూపినవారిదే.

నెల్లూరు తీరమందలి దుగరాజపట్నమునే తీసికొందము. మచిలీపట్నమున చిక్కులు పడిన ఈస్టిండియా కంపెనీవారు 1626లో ఇచ్చట వర్తకశాలను నెలకొల్పి, పిమ్మట దానిని కోటగా బలపరచుకొనిరి. కోరమాండల్ తీరమున ఇంగ్లీషువారి తొలికోట ఇదియే. 1628 నాటికి ఇందు 12 ఫిరంగులుండెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. వారు ఆర్మగానని పిలిచిన ఈ రేవున అధికారిగా నుండిన ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల నాయకులవలన చెన్నపట్నపు నేలను సంపాదించెను. 1640లో కంపెనీ మకాము అచ్చటికి మారెను. సెంటు జార్జి కోట వృద్ధిపొందెను. దుగరాజపట్నపు కోట మరుగుపడెను. ఆర్మగానను పేరు నేడు ఓడలకు దారిచూపు దీపస్తంభమునకు మిగిలియున్నది.

ఈ కోటను తెరపై మరల నిలుపుదమని రేపొక సంస్థ పూనుకొన్నదనుకొందము. ఫిరంగుల లెక్కకు వ్రాతలలో ఆధారము కలదు. గోడ యెత్తెంత? బురుజు గుండ్రనిదా, కోణములు గలదా? ద్వారము ఏ దిక్కునకు? కప్పు పెంకా, తాటాకా? నేర్పరియైన చిత్రకారుడు అన్నిటిని ఒకే వన్నెతో నింపివేయును. చూచువానికి తెలిసినదేదో, కల్పించినదేదో తేటపడదు. తప్పుడు గ్రంథమును మరియొక గ్రంథముతో ఖండింపవచ్చును. కంట నాటిన చిత్రమును తుడుచుట దుర్లభము. అది పాఠ్యపుస్తకమున కెక్కిన పిమ్మట చిత్రమే సాక్ష్యమగును.

మన చరిత్రను పరులు చిరకాలము తమ చిత్తము వచ్చినట్లు వ్రాసిరి, ఇక మనము మన వైభవమును ఘనముగా చిత్రించుకొనరాదా యని కొందరందురు. ఆ బాధ మాకును తెలియును. కాని గొప్పవారమని చాటుకొనుటకు మనకు అబద్ధపు గోపురము లక్కరలేదు. ఒక్క గోపురము కల్పితమని తేలినచో, నిజమైన పదింటిని లోకము శంకించును. మరియొక వంక, కోటను చూపి కొలువును మరచుటయు అసత్యమే. ఏ వస్త్రములకొరకు కంపెనీ ఈ తీరమున దిగెనో ఆ వస్త్రములను నేసిన సాలీలెక్కడ? తీరమున పడవలు నడపిన పట్టపువారెక్కడ? జెండాయు ఫిరంగియు మాత్రమే కనుపించు చిత్రము కంపెనీవారి కంటితో చూచిన చిత్రము. ఐనను మనవారిని చిత్రించుటకును ఆధారమును వెదకవలసినదే. అభిమానము ఆధారము కాజాలదు.

ఆధారము సమృద్ధిగా నున్నచోట ఈ విద్య యెంత మేలుచేయగలదో అమరావతి చెప్పును. మహాస్తూపము నశించినను, దాని శిలాఫలకములపై శిల్పులు స్తూపరూపమునే చెక్కియుంచిరి. మెకంజీ 1816లో చేయించిన చిత్రములు కలవు. ఫలకములు చెన్నపట్నమునను లండనులోను చెదరియున్నను కంటికి దొరకుచున్నవి. చెదరిన తునుకలను ఒకచోట చేర్చి చూపుట తెరమీదనే సులభము. అచ్చటను ఫలకమునుండి గ్రహించిన భాగమును ఒక వన్నెతోను, పండితులు ఊహించిన భాగమును వేరొక వన్నెతోను చూపుటయే న్యాయము.

ఇది మా నూతన కల్పన కాదు. ఊహ ఆరంభమైనచోట పునరుద్ధరణ ఆగవలెనని 1964 నాటి వెనిసు శాసనపత్రము రాళ్లవిషయమున నిర్ణయించెను. కంప్యూటరు చిత్రములకు 2006లో లండను నియమపత్రము రూపొందెను. 2011లో సెవిల్లు సూత్రములు వెలువడెను. ఈ సూత్రములను స్మారక స్థలముల అంతర్జాతీయ పరిషత్తు 2017లో ఆమోదించినది మన ఢిల్లీ నగరమునందే. మన రాజధానిలో అంగీకృతమైన నియమము మన పల్లెల చరిత్రకు వర్తింపవలదా?

కావున ప్రజాధనముతో చేయు ప్రతి రూపకల్పనకును ఈ కట్టుబాట్లుండవలెను. ఏ సంవత్సరపు రూపమో చెప్పవలెను. ప్రతి భాగమునకును ఆధారమేదో, ఆధారము లేనిచోట ఊహకు కారణమేదో వ్రాసి అందరికి అందుబాటులో నుంచవలెను. పండితులలో భేదమున్నచో రెండు రూపములను చూపవలెను. యంత్రములు మారినను తరువాతివారు తెరచి సరిదిద్దుకొనగలట్లు మూలప్రతిని భద్రపరుపవలెను. అన్నిటికంటె ముందు నేలను పరిశోధింపవలెను. త్రవ్వకమునకు ముందు చిత్రము వచ్చుట తగదు.

దుగరాజపట్నము మరియొక పాఠమును నేర్పుచున్నది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టపు పదమూడవ షెడ్యూలు ఇచ్చట పెద్దరేవును నిర్మింతుమని, తొలిదశను 2018 చివరకు ముగింతుమని పలికెను. 2018 గడచిపోయెను, రేవు లేవలేదు. కట్టని రేవును తెరపై అలలతో ఓడలతో చూపుట నేడెంత సులభము! అట్టి చిత్రముపై అది సంకల్పమేగాని నిర్మాణము కాదని, ఏనాటి సంకల్పమో ఆ తేదీతో వ్రాయవలెను. లేనిచో లేని కోటను ఉండెనని, రాని రేవును వచ్చెనని నమ్మించుటకు ఒకే విద్య చాలును.

ఆ పల్లెవారికి గతమునుగూర్చిగాని, భవిష్యత్తునుగూర్చిగాని అందమైన అసత్యము వలదు. పురావస్తుశాఖయు విశ్వవిద్యాలయములును ఈ నియమములను వెంటనే తమవిగా చేసికొందురుగాక. తెలిసినంత చూపుడు, తెలియనిచోట ఖాళీగా విడువుడు. ఆ ఖాళీయే రేపటి పరిశోధకునికి పిలుపగును.