కొత్త కారు ఎవరికి కొత్త?

"ఇంకెవరైనా నడుపుతారా?" అని అడిగింది, లాస్ వేగాస్ విమానాశ్రయం దగ్గర అద్దెకార్ల కౌంటరులో ఉన్న అమ్మాయి. 2019 మే నెల. "లేదు, నేనొక్కణ్ణే" అన్నాడు నా సహచరుడు. ఆ మాట అంటున్నప్పుడు నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను. నా చేతిసంచిలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉంది. హైదరాబాదులో ఆర్టీఏ ఆఫీసుకి ఇద్దరం ఒకేరోజు వెళ్లి, ఒకే వరసలో నిలబడి తెచ్చుకున్నాం. పద్నాలుగేళ్లుగా యూనివర్సిటీకి నేనే కారు నడుపుకుంటూ వెళ్తున్నాను. అత్తయ్యని ఆస్పత్రికీ, పాపని స్కూలుకీ తిప్పేదీ నేనే. అయినా "నేను కూడా నడుపుతాను" అన్న చిన్నమాట నా నోట్లోంచి రాలేదు. కారెక్కాక అడిగాను, నా పేరెందుకు చెప్పలేదని. "కొత్త కారు, కొత్త రోడ్లు. నీకెందుకు ఇబ్బంది అని..." అన్నాడు, ప్రేమగానే.

ఆ ప్రేమతోనే నా పేచీ.

కొత్త కారు నాకు కొత్తయితే అతనికి పాతదెలా అయింది? స్టీరింగు ఎడమవైపు ఉండటం ఇద్దరికీ కొత్తే. రోడ్డుకి కుడిపక్కన నడపడం ఇద్దరికీ కొత్తే. మొదటి గంటలో మలుపు వచ్చినప్పుడల్లా అతను ఇండికేటరు వేయబోయి వైపర్లు వేశాడు. మన దగ్గర చాలా కార్లకి ఇండికేటరు మీట స్టీరింగుకి కుడివైపు ఉంటుంది, అక్కడ ఎడమవైపు. చుక్క వాన లేని ఎడారి ఎండలో వైపర్లు టకటకా కొట్టుకుంటుంటే పాప పడీపడీ నవ్వింది. గేర్లు మార్చే పనిలేని కారు కాబట్టి ఎడమకాలికి పనేమీ లేదు. అలవాటుకొద్దీ ఆ కాలితో క్లచ్ కోసం వెతికి బ్రేకు తొక్కాడు. అందరం ముందుకి తూలిపడ్డాం. ఎవరం ఏమీ అనలేదు. "కొత్త కదా, అలవాటవుతుందిలే" అనుకున్నాం.

అదే తప్పు నేను చేసి ఉంటే ఏమనుకునేవాళ్లం? నిజాయితీగా చెప్పండి. తెలియనితనం మగవాడి విషయంలో కాసేపట్లో దాటిపోయే దశ, మన విషయంలో శాశ్వతమైన అనర్హత. రోడ్డు మీద తప్పు చేస్తూ నేర్చుకునే హక్కు ఒకరికే ఉన్నప్పుడు రెండోవాళ్లు ఎప్పటికీ నేర్చుకోరు. ఆ నేర్చుకోకపోవడాన్నే మళ్లీ మనకి రుజువుగా చూపిస్తారు.

పక్కసీట్లో నేను ఖాళీగా కూర్చున్నానని కాదు. దారి చెప్పాను. పెట్రోలు ఎక్కడ పోయించుకోవాలో చూశాను. తెల్లవారే లేచి హోటలు గదిలో రైస్ కుక్కరు పెట్టి కలిపిన పులిహోర అందరికీ ప్లేట్లలో అందించాను. అత్తయ్య మందులకి వేళ చూశాను. వీటన్నిటికంటే పెద్ద పని ఇంకోటుంది, అతనికి నిద్ర రాకుండా మాట్లాడుతూ ఉండటం. ఈ చాకిరీకి కాగితం మీద గడి లేదు. అద్దె ఒప్పందంలో ఉండే గడి "డ్రైవరు" ఒక్కటే.

లాస్ వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకి దాదాపు 450 కిలోమీటర్లు. కింగ్‌మన్ దాటి 40వ నంబరు హైవే మీద తూర్పుగా వెళ్తున్నాం. అక్కడ గంటకి 75 మైళ్ల వేగం దాకా అనుమతి ఉంది. మధ్యాహ్నం మూడయింది. అంటే హైదరాబాదులో తెల్లవారుజాము మూడున్నర. మేము దేశం నుంచి వచ్చి రెండు రోజులే. నా మాటలకి అతని "ఊఁ"లు తగ్గాయి. ఉన్నట్టుండి రోడ్డు అంచున గాట్లు కోసిన చోటికి చక్రాలెక్కి కారంతా దడదడలాడింది. నేను అరిచాను. అతను స్టీరింగు లాగాడు. వెనక అత్తయ్య, పాప నిద్రలో ఉన్నారు.

తర్వాత వచ్చిన మలుపులో దిగి, సెలిగ్మన్ అనే చిన్న ఊళ్లో ఒక పెట్రోలుబంకు పక్కన కారాపాం. పొద్దున్న దారిలో గంటసేపు కునుకు తీసి ఉన్నాను కాబట్టి నాకు తెలివిగానే ఉంది. "నేను నడుపుతాను" అన్నాను. నడపడానికి లేదు. ఒప్పందంలో పేరు లేనివాళ్లు నడిపితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా వర్తించదు. నడపడం వచ్చి, పర్మిటు ఉండి, మెలకువగా ఉన్న మనిషి పక్కన కూర్చుంది. నిద్రకి తూగుతున్న మనిషికే అధికారం ఉంది. అతను రెండు గంటలు పడుకున్నాడు. నేను కూర్చుని చూశాను.

"పాపం, కష్టమైన పని తను మీదేసుకుంటే దానికీ తప్పు పడతారా?" అనే స్నేహితురాళ్లున్నారు. రక్షణ అనే మాటని మనం చాలా రంగాల్లో పరీక్షించి చూశాం. ఈ చిన్నచోట ఎందుకు వదిలేయాలి? ఆ రక్షణ వల్ల ఆ మధ్యాహ్నం నలుగురి ప్రాణాలూ ఒక్కడి కనురెప్పల మీద ఆధారపడ్డాయి. అతను దుర్మార్గుడు కాదు. మన సభలకి వచ్చి వెనక వరసలో కూర్చుని వినే మనిషే. దుర్మార్గులతో మాత్రమే పేచీ అయితే మన పని ఎంత తేలికయ్యేది!

మోటారుకారులో మొట్టమొదటి దూరప్రయాణం చేసింది ఒక తల్లి అని ఎంతమందికి గుర్తుంది? 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్‌జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి సుమారు వంద కిలోమీటర్లు వెళ్లింది. దారిలో మందుల షాపులో ఇంధనం కొంది. మూసుకుపోయిన గొట్టాన్ని టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. అరిగిన బ్రేకులకి చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. భర్త కార్ల్ బెంజ్ వ్యాపారాన్ని పెళ్లికి ముందే నిలబెట్టింది ఆమె కట్నం డబ్బు. 1886 నాటి పేటెంటు మీద మాత్రం ఆమె పేరు లేదు. అంతకంటే కొత్త కారు ఎవరికైనా ఉంటుందా?

సౌదీ అరేబియాలో స్త్రీలు కారు నడపకూడదన్న నిషేధం 2018 జూన్ 24న పోయింది. అంతకు ముందు 1990లోనే రియాద్ వీధుల్లో 47 మంది స్త్రీలు కార్లు నడిపి శిక్షలు అనుభవించారు. ఆ వార్తలు చదివి మనం వాళ్లమీద జాలిపడ్డాం. మనకి ఏ నిషేధమూ లేదు. కౌంటరు దగ్గర ఒక ప్రశ్నకి ఇంకొకరు జవాబు చెబితే చాలు, మన పని అయిపోతుంది.

మర్నాడు పొద్దున్న, ఇంకా తూర్పుకి వెళ్లి, ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆ కంపెనీ కౌంటరులో నా పేరు రాయించాం. పది నిమిషాలు పట్టలేదు. భార్యాభర్తలకి అదనంగా కట్టాల్సింది కూడా లేదన్నారు. నేను స్టీరింగు ముందు కూర్చుంటే "జాగ్రత్త" అని రెండుసార్లు అన్నాడతను. అత్తయ్య మాత్రం "దానికి చెప్తావేంట్రా, ఊళ్లో నన్ను తిప్పేది అదే కదా" అని కళ్లు మూసుకుంది. మొదటి మలుపులో నేనూ వైపర్లు వేశాను. పాప మళ్లీ నవ్వింది. రెండో మలుపుకి ఇండికేటరే పడింది.

అయితే ఆ మొదటిరోజు మౌనం నాది. దాన్ని అతని ఖాతాలో వేయలేను. జెండర్ గురించి తరగతిగదిలో గంటలు గంటలు మాట్లాడే నేను, ఒక ఫారం ముందు ఎందుకు నోరు మూసుకున్నాను? ఇంటికొచ్చాక రాసుకున్న యాత్రా కథనంలో కూడా "మేము బయల్దేరాం, మేము చేరాం" అనే రాశాను. ఆ "మేము"లో నడిపిందెవరో, వండిందెవరో, మెలకువగా ఉన్నదెవరో లేదు. మన యాత్రారచనలన్నీ ఒకసారి తిరగేసి చూడండి, ఈ "మేము" ఎన్నిటిని కప్పిపెడుతోందో.

ఈసారి ఎవరైనా "ఇంకెవరైనా నడుపుతారా?" అని అడిగితే, ఆ ప్రశ్న మన పక్కవాళ్లని కాదు, మనల్నే అడిగినట్టు జవాబు చెబుదాం.